గవర్నమెంట్ ఈక్విటీ ఇప్పిస్తామంటే డబ్బు కట్టకండి, నావి 1,85,000 పోయాయి

ఇప్పుడే ఇంటికొచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. 'కేంద్ర ప్రభుత్వమే మీ వ్యాపారంలో వాటా తీసుకుంటుంది, ఈఎంఐ లేదు, షూరిటీ లేదు' అని వాట్సాప్‌లో తిరుగుతోంది చూడండి, ఆ కన్సల్టెన్సీ గురించే చెప్తున్నాను. చిన్న యూనిట్లు నడిపేవాళ్ళలో ఆ మెసేజ్ రానివాళ్ళు తక్కువే.

మాది అట్టపెట్టెల యూనిట్, తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. రెండో మెషిన్ కొందామని సీసీ లిమిట్ (బ్యాంకులో వ్యాపారానికి వాడుకునే అప్పు పరిమితి) పెంచమంటే బ్యాంకువాళ్ళు ఇంకో ఆస్తి తాకట్టు పెట్టమన్నారు. మాకు లేదు. అప్పుడు తగిలాడు ఈ కన్సల్టెన్సీ నడిపేవాడు. 50 లక్షలు ఈక్విటీగా, అంటే అప్పుగా కాకుండా వ్యాపారంలో వాటాకి పెట్టుబడిగా, వస్తాయన్నాడు. ఎనిమిది నెలల్లో మూడుసార్లు కట్టాను. రిజిస్ట్రేషన్‌కని 25,000, డీపీఆర్ (ప్రాజెక్టు రిపోర్టు) కని 60,000, వాల్యుయేషన్‌కని (వ్యాపారం విలువ కట్టడానికని) లక్ష. ఆ లక్ష మా ఆవిడ బంగారు గాజులు కుదువపెట్టి తెచ్చింది. మొదటిసారి తప్ప రసీదు లేదు, మిగతా రెండూ వాడి సొంత నంబరుకే ఫోన్‌లో పంపాను. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

ఈ రోజు పొద్దున ఇద్దరం వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాం. శాంక్షన్ లెటరైనా ఇవ్వు, మా డబ్బైనా ఇవ్వు అని అడిగాను. ఇన్నాళ్ళూ 'అన్నగారూ, వదినగారు బాగున్నారా' అని ఎదురొచ్చేవాడు ఈ రోజు కుర్చీలోంచి లేవలేదు. నా ఫైలు తెరిచి, జీఎస్టీ సర్టిఫికెట్ మీద వేలు పెట్టి, "ఏమయ్యా, నీది ప్రొప్రయిటర్‌షిప్, నీ ఒక్కడి పేరు మీదున్న వ్యాపారం. కంపెనీయే కాదు. షేర్లే లేనిదానికి ఈక్విటీ ఎవడు పెడతాడు?" అన్నాడు.

ఆ సర్టిఫికెట్ మొదటి రోజే వాడి చేతికిచ్చాను. ఎనిమిది నెలలుగా అదే ఫైల్లో పైనే ఉంది. ప్రొప్రయిటర్‌షిప్ అని దాని మీద అచ్చులో ఉంది. అంటే 25,000 తీసుకున్న రోజే నాకు రాదని వాడికి తెలుసు. తెలిసే 60,000 అడిగాడు. తెలిసే లక్ష అడిగాడు. మా ఆవిడ "గాజులు పెట్టి తెచ్చాం తమ్ముడూ" అంటే "కాగితాలు చదవకుండా సంతకాలు పెడితే నాదా తప్పు?" అన్నాడు. మట్టిగాజులు మాత్రమే మిగిలిన ఆమె చేతుల్ని చూస్తూనే అన్నాడు. డబ్బు పోయినదానికంటే ఆ మాట నన్ను ఎక్కువ కాలుస్తోంది. నాకు నోరు పెగల్లేదు. ఆమె చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశాను.

అక్కణ్ణుంచి మా సీఏ గారి దగ్గరికి వెళ్ళాం. అరగంటలో అంతా చెప్పారు. ఎనిమిది నెలల క్రితమే ఆ అరగంట అడిగి ఉండాల్సింది. వాడు చెప్పిన సెల్ఫ్ రిలయంట్ ఇండియా ఫండ్ నిజంగానే ఉంది. 2020 మేలో, కోవిడప్పుడు కేంద్రం ఇచ్చిన ఆత్మనిర్భర్ ప్యాకేజీలో ప్రకటించారు. కేంద్రం 10,000 కోట్లు పెడుతుంది, ప్రైవేటు డబ్బు కూడా కలిసి మొత్తం 50,000 కోట్లు ఎంఎస్‌ఎంఈలకు (చిన్న, మధ్య తరహా పరిశ్రమలకు) పెట్టుబడిగా చేరాలన్నది లక్ష్యం. కానీ ప్రభుత్వం మనకు నేరుగా రూపాయి కూడా ఇవ్వదు. ఎన్‌ఎస్‌ఐసీ వెంచర్ క్యాపిటల్ ఫండ్ లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర పెద్ద ఫండ్ ఉంటుంది. అందులోంచి డబ్బు సెబీలో (షేర్ మార్కెట్లను, ఫండ్లను నియంత్రించే సంస్థలో) రిజిస్టరైన డాటర్ ఫండ్లకు, అంటే దాని కింద పనిచేసే చిన్న ఫండ్లకు వెళ్తుంది. ఏ కంపెనీలో పెట్టాలో, ఎంత వాటా తీసుకోవాలో తేల్చేది ఆ ఫండ్ మేనేజర్లు. వాళ్ళు కొన్నేళ్ళకు ఆ వాటాను లాభానికి అమ్ముకోవాలి కాబట్టి బాగా పెరిగే కంపెనీలనే వెతుక్కుంటారు. 2016 నుంచి స్టార్టప్‌ల కోసం సిడ్బీ (చిన్న పరిశ్రమల బ్యాంకు) చూస్తున్న ఫండ్ ఆఫ్ ఫండ్స్, అంటే వేరే ఫండ్లకు డబ్బిచ్చే ఫండ్ కూడా ఇలాగే పనిచేస్తుందట. ఢిల్లీలో మా మనిషున్నాడు, ఫైలు కదిలిస్తాడు అని వాడు చెప్పిందంతా కట్టుకథ.

వాడి బ్రోషర్‌లో స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పేరు కూడా ఉంది. 2021లో 945 కోట్లతో పెట్టిన స్కీము అది. ఇంక్యుబేటర్ల (కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే కేంద్రాల) ద్వారా ఇస్తారు, అప్లై చేసేనాటికి కంపెనీ పెట్టి రెండేళ్ళు దాటకూడదు. తొమ్మిదేళ్ళ యూనిట్ నాది! పైగా ఆ స్కీములో ఇంక్యుబేటర్లు మన దగ్గర ఏ ఫీజూ తీసుకోకూడదని రూలే ఉంది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చాను. డబ్బు తిరిగి వస్తుందో రాదో మరి.

మీరైతే ముందు మీది ప్రైవేట్ లిమిటెడ్ అవునో కాదో చూసుకోండి. ప్రొప్రయిటర్‌షిప్‌లో ఎవరికీ షేర్లు ఇవ్వడం కుదరదు. ఫండ్ పేరు ఎవరైనా చెబితే సెబీ వెబ్‌సైట్‌లో ఉందో లేదో వెతకండి. ఎంఎస్‌ఎంఈగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, దానికి కూడా వీళ్ళు డబ్బు లాగుతున్నారు. ఏం కట్టాలన్నా మీ సీఏని అడిగాకే కట్టండి.

ఇదంతా ఇప్పుడే కూర్చుని రాయడానికి ఇంకో కారణం ఉంది. మేము బయటికి వస్తుంటే వరండాలో ఒక కుర్రాడు, వాళ్ళమ్మ అనుకుంటా, కొత్త ఫైలు పట్టుకుని కూర్చున్నారు. మమ్మల్ని పంపించిన మరుక్షణం వాడు 'రండి తమ్ముడూ' అని నవ్వుతూ పిలిచాడు. నేను ఆగి ఒక్క మాట చెప్పలేదు. ఆ క్షణంలో నా బాధే నాకు కనిపించింది. మెట్లు దిగుతుంటే '25,000 రేపు తెచ్చేయండి' అనడం కూడా విన్నాను.

బాబూ, ఇది నీ కంటపడితే, రేపు అక్కడికి వెళ్ళకు.