జారే కళ్లజోడు, అందని ఉత్తరాల పెట్టె: ఏది మేలు?

కళ్లజోడు కొనేటప్పుడు అద్దంలో మొహం చూసుకుంటాం. ఉత్తరాల పెట్టె పెట్టించేటప్పుడు గేటు రంగుకు నప్పిందా అని చూస్తాం. అసలు సంగతి వాడకంలో పడ్డాకే బయటపడుతుంది. ఈ రెండు చికాకులూ ఒకేచోట కలవాలంటే అపార్ట్‌మెంట్ సెల్లార్‌కు వెళ్లాలి. వరుసగా బిగించిన పెట్టెల్లో మీది అట్టడుగున ఉందనుకోండి. వంగగానే కళ్లజోడు ముక్కు కొసకు వస్తుంది. ఒక చెయ్యి దాన్ని పట్టుకోవడానికి, ఇంకో చెయ్యి తాళానికి. కవరు తీయడానికి మూడో చెయ్యి ఎక్కడినుంచి తేవాలి?

కాబట్టి అందం గొడవ పక్కనబెట్టి, రోజూ వాడే మనిషి వైపు నుంచి బేరీజు వేద్దాం. నా కొలమానం ఒక్కటే: తెచ్చుకున్నాక, బిగించాక, మనకు తగ్గట్టు సర్దుకోవడానికి వీలుందా లేదా?

మెటల్ ఫ్రేమా, ప్లాస్టిక్ ఫ్రేమా?

మెటల్ ఫ్రేమ్‌కు ముక్కు మీద ఆనే రెండు చిన్న ప్యాడ్‌లు సన్నటి తీగల చివర ఉంటాయి. ఆ తీగల్ని కాస్త దగ్గరకు వంచితే కళ్లజోడు పైకి లేస్తుంది, ఎడం చేస్తే కిందికి దిగుతుంది. ఆప్టికల్స్ షాపులో చిన్న పటకారుతో నిమిషంలో అయ్యే పని. ప్లాస్టిక్ ఫ్రేమ్‌కు చాలావరకు ఆ వీలు లేదు. ముక్కు మీద కూర్చునే వంపు ఫ్రేమ్‌లో భాగంగానే తయారై వస్తుంది. మీ ముక్కుకు సరిపోతే దానంత హాయి లేదు. ముక్కు దూలం ఎత్తు తక్కువైతే మాత్రం ఫ్రేమ్ బుగ్గల మీద కూర్చుంటుంది, నవ్వినప్పుడల్లా పైకీ కిందికీ ఊగుతుంది.

మే నెలలో విజయవాడలో చెమటకు ఏ ఫ్రేమైనా జారుతుంది, కాదనను. కానీ మెటల్ ఫ్రేమ్‌కు మెత్తటి సిలికాన్ ప్యాడ్‌లు వేయించుకుంటే పట్టు బాగుంటుంది. గట్టి ప్లాస్టిక్ ప్యాడ్‌లు అంతగా పట్టవు. మెటల్‌కున్న రోగం చిలుము. ప్యాడ్‌ల చుట్టూ, స్క్రూల దగ్గర పచ్చగా పేరుకునేది అదే. లోహంలో ఉన్న రాగికి చెమట తగిలి వస్తుంది. ప్యాడ్‌లు మార్పించుకోవడం చాలా చవక, ఆ పని ఏళ్ల తరబడి చేయించుకోని వాళ్లే ఎక్కువ. కొందరికి నికెల్ పడక చెవుల వెనక, ముక్కు పక్కన దురద వస్తుంది. వాళ్లు టైటానియం వైపు చూడాలి, లేదంటే ప్లాస్టిక్కే గతి.

ప్లాస్టిక్ పక్షాన చెప్పాల్సినవీ ఉన్నాయి. బరువు ముక్కంతా పరుచుకుంటుంది కాబట్టి రెండు గుంటలు పడవు. పొరపాటున దాని మీద కూర్చున్నా, పిల్లలు విసిరినా మెటల్‌లా వంకర్లు పోదు. అయితే ప్లాస్టిక్‌లోనూ రెండు జాతులున్నాయి. అసిటేట్ ఫ్రేమ్‌లో చెవుల మీదికి వెళ్లే కాడల్ని వేడిగాలిలో పెట్టి మెత్తబరిచి వంచవచ్చు, చల్లారాక ఆ వంపు అలాగే ఉంటుంది. టీఆర్90 అని అమ్మే తేలికపాటి ఫ్రేమ్‌ల సంగతి వేరు. ఎటు వంచినా విరగదని షాపులో మెలితిప్పి మరీ చూపిస్తారు. విరగకపోవడం నిజమే. వంచినచోట నిలవకపోవడమూ అంతే నిజం. కొన్నరోజే చెవికి సరిపోయిందా సరే, లేకపోతే దాన్ని దారికి తేవడం కష్టం.

బండి నడిపేవాళ్లు ఇంకో పరీక్ష పెట్టాలి: హెల్మెట్. ముందు హెల్మెట్ తొడిగి, తర్వాత కళ్లజోడు కాడల్ని లోపలికి తోయాలి కదా. సన్నటి, తిన్నటి మెటల్ కాడలు సాఫీగా దూరతాయి. లావుపాటి అసిటేట్ కాడలు కణతల దగ్గర ఇరుక్కుని, అరగంట ప్రయాణం అయ్యేసరికి తలనొప్పి తెప్పిస్తాయి. ఫ్రేమ్ కొనడానికి వెళ్లేటప్పుడు హెల్మెట్ కూడా చేతబట్టుకెళ్లండి. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తే చూడనీయండి.

జారుతోందనగానే చాలామంది చేసే పని స్క్రూలు బిగించడం. దానివల్ల కాడలు లొడలొడలాడకుండా ఉంటాయి తప్ప జారడం ఆగదు. కాడ చెవి మీదికి వచ్చినచోటే కిందికి వంగాలి. ఆ వంపు చెవి దాటి ఎక్కడో వెనక మొదలైతే, ఆ మధ్య ఖాళీ ఉన్నంత మేరా కళ్లజోడు ముందుకు జారుతుంది. ఇంకోటి, కాడలు కణతల్ని గట్టిగా నొక్కితే జారదనుకుంటారు. చెవికి ముందు నొక్కుడు ఎక్కువైతే అదే ఫ్రేమ్‌ను ముందుకు తోసేస్తుంది. షాపుకెళ్లి ‘టైట్ చెయ్యండి’ అనకండి. ‘చెవి దగ్గర వంపు సరిచెయ్యండి’ అనండి.

కాడ లోపలివైపు మూడు అంకెలు ఉంటాయి, 52 18 140 లాగా. మొదటిది ఒక్కో అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీద రెండు అద్దాల మధ్య ఎడం, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. మీ దగ్గర సుఖంగా కూర్చునే పాత ఫ్రేమ్ ఒకటుంటే దాని అంకెలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. జారే ఫ్రేమ్ రెండో అంకె దానికన్నా పెద్దగా ఉంటే దొంగ దొరికినట్టే.

అద్దాల చుట్టూ చట్రం లేని రిమ్‌లెస్ గురించి ఎక్కువ చెప్పను. తేలికే, మొహం మీద ఉన్నట్టే ఉండదు, కానీ అద్దానికి బెజ్జం పెట్టి బిగిస్తారు కాబట్టి పగులు అక్కడే మొదలవుతుంది. చెవి వెనక తొడిగే రబ్బరు కొక్కేలు, మెడలో వేసుకునే తాడు తాత్కాలిక ఉపాయాలు.

అద్దాల విషయంలో పోటీయే లేదు. గాజు సాంద్రత దాదాపు 2.5 అయితే, మామూలు ప్లాస్టిక్ అద్దం సీఆర్-39ది 1.32. అంటే బరువు ఇంచుమించు సగం. గాజుకు తేలిగ్గా గీతలు పడవన్న మాట నిజమే గానీ, ఆ బరువే కళ్లజోడును కిందికి లాగుతుంది, పగిలితే కంటికి ప్రమాదం. పిల్లలకైతే తేలిగ్గా పగలని పాలికార్బొనేట్ అద్దాలు వేయించాలి. పవర్ ఎక్కువున్నవాళ్లు చిన్న ఫ్రేమ్ తీసుకుంటే అద్దం మందం, బరువు రెండూ తగ్గుతాయి. మైనస్ పవర్ వాళ్లకు జారుడు నష్టం ఇంకోటుంది: అద్దం కంటికి దూరమైన కొద్దీ పవర్ తగ్గినట్టు పనిచేస్తుంది. ఎదురుగా వస్తున్న బస్సు బోర్డు మసకబారితే పవర్ పెరిగిందని డాక్టరు దగ్గరకు పరుగెత్తే ముందు కళ్లజోడు పైకి నెట్టి చూడండి.

బైఫోకల్, ప్రోగ్రెసివ్, రెండు జతలు

కళ్లద్దాలకూ ఉత్తరాలకూ ఉమ్మడి పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికాకు 1775లో మొదటి పోస్ట్‌మాస్టర్ జనరల్ అయిన బెంజమిన్ ఫ్రాంక్లిన్. దూరానికి ఒకటి, దగ్గరకు ఒకటి, రెండు జతలు మార్చి మార్చి విసిగిపోయి, అద్దాల్ని సగానికి కోయించి ఒకే ఫ్రేమ్‌లో పైనొకటి కిందొకటి బిగింపించుకున్నానని 1785లో మిత్రుడికి రాసిన ఉత్తరంలో చెప్పాడు. ఫ్రాన్స్‌లో భోజనం బల్ల దగ్గర ముందున్న పళ్లెమూ కనిపిస్తోంది, ఎదుటి మనిషి మొహమూ కనిపిస్తోంది, మొహం కనిపిస్తే ఫ్రెంచి బాగా అర్థమవుతోంది అని ఆయన సంబరం.

చత్వారం వచ్చిన మనకూ అదే బేరం. ఇలా పైన దూరానికి, కింద చదవడానికి ఉండే బైఫోకల్ చవక, చదివే భాగం విశాలంగా ఉంటుంది, అలవాటు కావడం తేలిక. గీత దగ్గర బొమ్మ ఎగిరిపడటం దాని లోపం. మెట్లు దిగేటప్పుడు కాళ్లవైపు చూస్తే చదివే అద్దంలోంచి మెట్టు మసగ్గా కనిపిస్తుంది. పెద్దవయసు వాళ్లకు ఇది చికాకుతో పోదు, పడిపోయే ప్రమాదం ఉంది.

వారిలక్స్ పేరుతో 1959లో ఫ్రాన్స్‌లో మొదలైన ప్రోగ్రెసివ్ అద్దాలకు గీత ఉండదు. పైనుంచి కిందికి పవర్ నెమ్మదిగా మారుతూ వస్తుంది, మధ్యలో కంప్యూటర్ దూరం కూడా దొరుకుతుంది. బదులుగా పక్కలకు మసక. చూడాలంటే కళ్లు కాదు, తల తిప్పాలి. మరి జారుడుకూ దీనికీ ఏమిటి సంబంధం? ఫ్రేమ్ మీ మొహాన పెట్టి, కంటిపాప ఎదురుగా చుక్క పెట్టి, ఆ కొలతకు అద్దం కోస్తారు. ఆ ఫ్రేమ్ రెండు మూడు మిల్లీమీటర్లు జారిందంటే చదివే భాగం కూడా అంత కిందికి పోతుంది. గడ్డం పైకెత్తి పేపరు చదివే వాళ్లలో అద్దం తప్పు ఉన్నవాళ్లకన్నా ఫ్రేమ్ తప్పు ఉన్నవాళ్లే ఎక్కువని నా అనుమానం. ఖరీదైన ప్రోగ్రెసివ్‌కు వదులు ఫ్రేమ్ తీసుకోవడమంటే డబ్బు కాలవలో పోసినట్టే.

నన్నడిగితే, రోజంతా ఇంటిపట్టునే ఉండి పేపరూ టీవీ చూసేవాళ్లకు రెండు జతలే మేలు. ఆఫీసులో మనిషినీ స్క్రీన్‌నీ మార్చి మార్చి చూసేవాళ్లకు ప్రోగ్రెసివ్, అదీ నోస్ ప్యాడ్‌లున్న మెటల్ ఫ్రేమ్‌లో. బైఫోకల్ ఏళ్లుగా అలవాటై ఇబ్బంది లేనివాళ్లు దాన్ని మార్చుకోనక్కర్లేదు, మెట్ల దగ్గర తల వంచి పై అద్దంలోంచి చూడటం అలవాటు చేసుకుంటే చాలు.

ఆన్‌లైన్‌లో కొనచ్చా? ఒకే పవర్ అద్దాలైతే, కంటిపాపల మధ్య దూరం, సరిపోయే ఫ్రేమ్ అంకెలు తెలిసుంటే కొనచ్చు. ప్రోగ్రెసివ్ అయితే షాపుకే వెళ్లండి. షాపులో కట్టే ఎక్కువ డబ్బులో సగం ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా వంచి సర్ది ఇచ్చే చేతులకు.

పెట్టె ఎక్కడ?

సొంత ఇంటికి మూడు దారులున్నాయి: గేటుకు తగిలించే రేకు డబ్బా, గేటుకే కోసిన సందు, గేటు పక్క స్తంభంలో కట్టిన పెట్టె. రేకు డబ్బా చవక, కానీ వానకు అడుగు తుప్పు పడుతుంది, ఎండాకాలం కందిరీగలు గూడు కడతాయి, గేటు వేసిన ప్రతిసారీ దడదడ. గేటు సందులోంచి వేసిన కవరు నేరుగా నేలమీద పడుతుంది. వాన పడితే చెక్‌బుక్ తడిసి ముద్ద, ఇంట్లో కుక్క ఉంటే అసలు మిగలదు. స్తంభంలో పెట్టెకు మొదట ఖర్చు ఎక్కువ. బయటివైపు సందు, లోపలివైపు తలుపు ఉంటే వీధిలోకి వెళ్లకుండానే తీసుకోవచ్చు, పోస్ట్‌మన్ గేటు తెరవకుండానే వేయచ్చు. ఇల్లు కడుతున్నవాళ్లకు ఇదే మేలు, ప్లాస్టరింగ్‌కు ముందే మేస్త్రీకి చెప్పాలి. ఒకసారి కట్టేశాక జరపలేం కాబట్టి ఎత్తు మాత్రం చూసుకోవాలి.

ఎత్తుకు లెక్కలున్నాయి. అమెరికాలో రోడ్డు పక్క పెట్టెలకు పోస్టల్ శాఖ రోడ్డు మట్టం నుంచి 41 నుంచి 45 అంగుళాల ఎత్తు చెబుతుంది, ఎందుకంటే అక్కడ పోస్ట్‌మన్ బండిలోంచి దిగకుండా చెయ్యి చాపి వేస్తాడు. డల్లాస్‌లో ఇల్లు కొన్న మనవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 13724 ప్రకారం సందు నేల నుంచి 70 సెంటీమీటర్లకు తగ్గకుండా, 170కి మించకుండా ఉండాలి. బ్రిటన్‌లో తలుపు అడుగున, మడమల ఎత్తులో సందులు పెట్టడం వల్ల పోస్ట్‌మన్‌ల నడుములు పోతున్నాయని, కుక్కలు చేతులు కరుస్తున్నాయని, కొత్త ఇళ్లకు వాటిని నిషేధించాలని 2019లో విక్కీ ఫోర్డ్ అనే ఎంపీ బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. మన ఇళ్లకు ఛాతీ ఎత్తు సరిపోతుంది.

అపార్ట్‌మెంట్‌లో మాత్రం ఎంపిక మన చేతిలో ఉండదు, ఫ్లాట్ నంబరు వరసలో పడ్డదే దక్కుతుంది. పై వరసా, కింది వరసా అని అడిగే అవకాశం వస్తే పైదే అడగండి. పై పెట్టెలోకి తొంగి చూడాలంటే, చదివే అద్దం కిందివైపు ఉంటుంది కాబట్టి బైఫోకల్ వాళ్లు తల బాగా వెనక్కి వంచాలి, నిజమే. కానీ చూడక్కర్లేదు, చేత్తో తడిమి కవరు తీసి, ఛాతీ దగ్గర పట్టుకుని చదువుకోవచ్చు. కింది పెట్టెకు ఆ వెసులుబాటు లేదు. పైగా సెల్లార్ కడిగినప్పుడల్లా నీళ్లు అందులోకే. అసోసియేషన్‌లో మాట్లాడగలిగితే అడుగు వరస పెట్టెలు తీయించి, పక్కగోడకు ఛాతీ ఎత్తులో బిగింపించండి. నాలుగు స్క్రూల పని.

పెట్టెలెందుకు, వాచ్‌మన్ బల్ల మీద పెడితే చాలదా అంటారు కొందరు. సంతకం పెట్టి తీసుకునే స్పీడ్ పోస్టుకు పెట్టె ఎలాగూ పనికిరాదు. మామూలు పోస్టులో వచ్చే ప్రీమియం నోటీసు, మాసపత్రిక, శుభలేఖ మాత్రం బల్ల మీద పెడితే ఎవరి చేతికి పోతాయో చెప్పలేం. చిన్న తాళం పెట్టుకున్న పెట్టెదే పైచేయి.

చివరగా సందు వెడల్పు. బజార్లో దొరికే డబ్బాల్లో చాలావాటికి మామూలు పొడుగు కవరు తప్ప ఏదీ పట్టదు. ఏ4 కాగితాన్ని మడవకుండా పెట్టే సీ4 కవరు వెడల్పు 229 మిల్లీమీటర్లు. అంటే సందు 23 సెంటీమీటర్లు దాటి ఉండాలి, లావుపాటి శుభలేఖ పట్టడానికి మూడు సెంటీమీటర్ల ఎత్తు కావాలి. వెల్డింగ్ షాపులో ఈ అంకెలు చెప్పి ఊరుకోకండి. ఒక సీ4 కవర్లో పెద్ద శుభలేఖ పెట్టి వాళ్ల చేతికే ఇవ్వండి, అది పట్టాకే మిగతా డబ్బు.