నల్లగొండలో బ్రెయిన్ మ్యాపింగ్ చేసి డిప్రెషన్ తగ్గిస్తామంటున్నారు, పోకండి

ఆ సెంటర్ పేరు రాస్తే లాయర్ నోటీసు పంపిస్తామని ఫోన్‌లోనే బెదిరించారు, అందుకే రాయడం లేదు. నల్లగొండలో ఉండేవాళ్లకు పేరు అక్కర్లేదు కూడా. ఆటోల వెనకాల మెదడు బొమ్మ వేసి, కింద ‘డిప్రెషన్, టెన్షన్, నిద్రలేమి, గ్యారంటీ’ అని ఆకుపచ్చ స్టిక్కర్ ఉంటుంది చూడండి. వాళ్లే.

మా అమ్మను తీసుకుపోయాను. మాది మర్రిగూడ వైపు. అక్కడ ఒళ్లు నొప్పులు, నడుము నొప్పి అంటే ఎవరూ ఆశ్చర్యపోరు, ఫ్లోరైడ్ నీళ్లే అనుకుంటాం. అమ్మ నొప్పులు, నీరసం కూడా ఆ లెక్కలోనే పోయాయి. తిండి తగ్గింది, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటోంది, ఎవరింటికీ పోదు, బతుకమ్మకు కూడా గడప దాటలేదు. అప్పుడు మా చెల్లెలు ఇది డిప్రెషన్ కావచ్చు అంది. ఆ పిల్ల చెప్పింది కరెక్టే. తీసుకుపోయిన చోటే బాగాలేదు.

లోపల ఏసీ, సోఫా, గోడ నిండా సర్టిఫికెట్లు. తలకు వైర్లున్న టోపీ పెట్టారు, కంప్యూటర్‌లో ఎరుపు, పచ్చ మరకల బొమ్మ వచ్చింది. ‘ఎడమవైపు ఎరుపు ఎక్కువుంది చూడండి, డిప్రెషన్ ఇక్కడే కూర్చుంది’ అన్నాడు అక్కడి సారు. దానికి 6,500 రూపాయలు. ఆ బొమ్మ కలర్ ప్రింటు తీసి ఫైల్‌లో పెట్టి ఇచ్చాడు, శుభలేఖ లాగా. తర్వాత ‘గోల్డ్ ప్యాకేజీ’ 28,000 అని మొదలుపెట్టాడు.

అసలు రాయాల్సింది ఇక్కడి సంగతే. అప్పటిదాకా నోరు విప్పని మా అమ్మ, నెమ్మదిగా, తల వంచుకుని, ‘నాకు బతకబుద్ధి అయితలేదు సారూ’ అంది. ఇంట్లో మాకెవరికీ ఆ మాట చెప్పలేదు. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఆయనేమో ‘ఆఁ, ఆఁ’ అంటూ ఫోన్ ఎత్తి, ఎవరితోనో ప్లాటు రిజిస్ట్రేషన్ గురించి మాట్లాడాడు. ఎన్నాళ్ల నుంచి అట్లా అనిపిస్తోంది అని గానీ, ఏమన్నా చేసుకోవాలనే ఆలోచన ఉందా అని గానీ, ఇంట్లో తోడు ఎవరుంటారు అని గానీ ఒక్క ముక్క అడగలేదు.

నేను ప్యాకేజీ గురించి ఇంటికెళ్లి ఆలోచించి చెప్తాను అన్నప్పుడు మాత్రం ఆ మాట గుర్తొచ్చింది సార్‌కి. ‘మీ అమ్మ ఏమన్నదో విన్నరు కద? రేపు ఏమన్నా అయితే మీకు పైసలు ముఖ్యమా, అమ్మ ముఖ్యమా?’ అన్నాడు. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. రిసెప్షన్ అమ్మాయి స్కానర్ బోర్డు నా ముందుకు జరిపింది. మన తెలివి తెలిసిందే కదా, అక్కడికక్కడే ఫోన్‌పే కొట్టాను.

బస్సులో అమ్మ, ‘నా పానానికి అన్ని పైసలు ఎందుకు బిడ్డా’ అని ఏడ్చింది. నేను బరువైపోయాను అనుకోవడం కూడా ఈ జబ్బులో ఒక లక్షణమేనని తర్వాత తెలిసింది. డబ్బు తీసుకుని ఆ బరువు ఇంకాస్త ఎక్కించి పంపాడు మహానుభావుడు.

మందులు కాగితం కవర్లో ఇచ్చారు. విడి గోలీలు, పేరు లేదు, కంపెనీ లేదు. చీటీ అడిగితే ‘మా సొంత ఫార్ములా’ అట. అవి వేసుకుంటే అమ్మ పగలూ రాత్రీ నిద్రే, నడిస్తే తూలడం, బాత్రూం దగ్గర పడింది. గోలీలు అయిపోగానే ఒళ్లంతా వణుకు, చెమటలు, అసలు నిద్ర లేదు. సెంటర్‌కు ఫోన్ చేస్తే ‘ప్యాకేజీ రెన్యూ చేసుకోండి’. డబ్బు వాపసు అడిగితే పైన చెప్పిన నోటీసు.

చివరికి సర్కార్ దవాఖానలో సైకియాట్రీ ఓపీకి పోయాం. వాసన, క్యూ, విరిగిన బెంచీ అన్నీ ఉన్నాయి. డాక్టరమ్మ మాత్రం మొదట అమ్మను అడిగింది, తర్వాత నన్ను. విడి గోలీ చూసి ఏ మందో చెప్పలేం గానీ, ఆ వణుకు నిద్ర గోలీలు ఉన్నట్టుండి ఆపితే వచ్చేలాగే ఉంది అంది. కల్లు తాగుతారా అని కూడా అడిగింది. మన జిల్లాలవాళ్లకు ఆ ప్రశ్న ఎందుకో చెప్పాలా? కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపామ్ ఆ జాతి మందులే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూస్తే వణుకుతూ, ఏవేవో మాట్లాడుతూ ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్‌కు ఎంతమంది పోయారో చూశాం కదా. అల్ప్రాజోలం డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే మెడికల్ షాపువాళ్లు రిజిస్టర్‌లో రాయాలి. అలాంటిదేనేమో ‘సొంత ఫార్ములా’ అని కవర్లో పోసిచ్చారు.

తర్వాత తొమ్మిది ప్రశ్నల కాగితం తీసింది. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, నిద్ర, ఆకలి, నీరసం, నన్ను చూసి నాకే చీదర, ఇట్లాంటివి. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. ఖర్చు సున్నా. అందులో తొమ్మిదో ప్రశ్న ఏంటో తెలుసా? చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అని. అడగకుండానే అమ్మ చెప్పిన మాటను అక్కడ అమ్మకానికి వాడుకున్నాడు. ఇక్కడ అదే మాట మీద ఆమె చాలాసేపు కూర్చుని మాట్లాడింది. అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టదు, మనిషికి చెప్పుకునే దారి దొరుకుతుంది అని నాకూ చెప్పింది.

ఎప్పుడైనా నిద్ర అవసరం లేకుండా, విపరీతమైన హుషారుగా ఉన్న రోజులున్నాయా అని కూడా అడిగింది. అది బైపోలార్ అయితే ఉత్త డిప్రెషన్ మందు ఇస్తే ఎదురు తిరుగుతుందట. రక్తం, థైరాయిడ్ పరీక్షలు రాసింది. టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ వచ్చింది. అది ఎక్కువుంటే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదని అర్థమట, దానివల్ల కూడా ఇట్లాగే నీరసం, దిగులు ఉంటాయట. ఎరుపు మరకల బొమ్మలో థైరాయిడ్ ఎక్కడ దాక్కుందో గోల్డ్ ప్యాకేజీ సారే చెప్పాలి. డిప్రెషన్‌ను పట్టే స్కానూ లేదు, రక్త పరీక్షా లేదు. పరీక్షలు చేసేది అట్లాంటి వేరే కారణాలు ఉన్నాయేమో చూడటానికే.

ఇప్పుడు థైరాయిడ్ గోలీ పరగడుపున, డిప్రెషన్‌కు సెర్ట్రలిన్ అనే గోలీ చిన్న డోసు. రెండు మూడు వారాలు ఏమీ తెలియకపోవచ్చు, ఆపొద్దు, బాగైనా కనీసం ఆరు నెలలు వాడాలి, మానేటప్పుడు కూడా నన్నడిగి మెల్లగా తగ్గించాలి అంది. గోలీలు మా చెల్లెలు తన దగ్గర పెట్టుకుని ఇస్తోంది.

మీకేమైనా ఉంటే 14416కు కొట్టండి. టెలీ మానస్, ప్రభుత్వానిదే, పైసా ఖర్చు లేదు, రాత్రి కూడా తెలుగులో మాట్లాడతారు. చీటీ మీద మందు పేరు, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ లేకపోతే లేచి వచ్చేయండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టాను, చూద్దాం.

ఆ సెంటర్ మనుషులు ఈ గ్రూపులో ఉన్నారని నాకు తెలుసు. నోటీసు పంపేటప్పుడు ఆ కవర్లో పోసిన గోలీల పేరు కూడా అందులోనే రాయండి, డాక్టరమ్మ ఇంకా అడుగుతోంది.