మూడేళ్లుగా టెంప్ ఫోల్డర్లతో టెస్టులు

చీమకుర్తి గ్రానైట్ క్వారీల బిల్లింగ్ కోసం హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాం ఒకటి నా చేతిలో ఉంది. బ్లాకుల కొలతలున్న సీఎస్‌వీ ఫైల్ ఇస్తే క్యూబిక్ మీటర్లు లెక్కగట్టి బిల్లు రాసిస్తుంది. లెక్కల ఫంక్షన్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే టెస్టులు రాయడం మంచినీళ్లు తాగినంత సులువు. ఫైళ్లు ముట్టుకునే చోటే తలనొప్పి. అందుకని మూడేళ్లుగా, తాత్కాలిక (టెంప్) ఫోల్డర్లు చేసిచ్చే టెంపొరరీ అనే ప్యాకేజీ వాడుతున్నాను.

అందులో రోజూ పనికొచ్చేది విత్‌సిస్టమ్‌టెంప్‌డైరెక్టరీ. పేరు కొండవీటి చాంతాడంత, పని మాత్రం చిన్నదే. ఖాళీ ఫోల్డర్ చేసి, అదెక్కడుందో మన ఫంక్షన్‌కు చెప్పి, పనయ్యాక చెరిపేస్తుంది. మధ్యలో ఎర్రర్ వచ్చినా చెరుపుతుంది, లోపల బ్రాకెట్ (ఏం జరిగినా చివర్లో శుభ్రం చేసే హాస్కెల్ ఫంక్షన్) ఉంది కాబట్టి. ఇది లేనప్పుడు నిన్నటి బిల్లు ఫోల్డర్‌లో మిగిలిపోయి, ప్రోగ్రాం ఏమీ రాయకపోయినా టెస్టు పాసయ్యేది. ఆ పీడ విరగడైంది.

అయితే ఒంగోలులో నా డెస్క్‌టాప్ విండోస్. ఏడాది తర్వాత ఏదో పనిమీద టెంప్ ఫోల్డర్ తెరిస్తే మన టెస్టుల ఫోల్డర్లే వందల్లో ఉన్నాయి. "కరెంటు పోయినప్పుడు ఆగిపోయినవేమో అన్నా" అన్నాడు మా దగ్గర పనిచేసే కుర్రాడు. కొన్ని అవే. కరెంటు పోతే బ్రాకెట్ మాత్రం ఏం చేస్తుంది? మిగతా పాపం ఫైల్ చదివే రీడ్‌ఫైల్ ఫంక్షన్‌ది. స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఇచ్చే మామూలు రీడ్‌ఫైల్ లేజీ. అక్షరాలు అడిగితే గానీ చదవదు, చివరిదాకా చదివితే గానీ ఫైల్ మూయదు. నా టెస్టేమో మొదటి లైను చూసి సరిపెట్టుకునేది. తెరిచి ఉన్న ఆ ఫైల్‌ను విండోస్ చెరపనివ్వలేదు. ప్యాకేజీ అయినా ఒక మాట చెప్పాలా? చెరిపేటప్పుడు వచ్చే ఐఓ (ఫైళ్లు చదవడం, రాయడం లాంటి పనుల) ఎర్రర్లను గుటుక్కున మింగేస్తుంది. నాకు నచ్చనిది ఇదే. లినక్స్‌లో తెరిచి ఉన్న ఫైల్ కూడా చెరిగిపోతుంది కాబట్టి సర్వర్ మీద ఈ గొడవ బయటపడనే లేదు.

టెక్స్ట్ ప్యాకేజీలోని రీడ్‌ఫైల్‌కు మారాను. అది ఫైలంతా ఒకేసారి చదివి మూసేస్తుంది. తర్వాత కొత్త ఫోల్డర్లు పేరుకోలేదు.

ఇంకోటి, దీనికి, ప్రోగ్రాం పనిచేసే ఫోల్డర్‌ను మార్చే విత్‌కరెంట్‌డైరెక్టరీ జోడించకండి. అది ప్రాసెస్ మొత్తానికీ ఫోల్డర్ మార్చేస్తుంది. టెస్టులు నడిపే హెచ్‌స్పెక్‌లో వాటిని ప్యారలల్‌గా (ఒకేసారి నడిచేలా) పెట్టిన రోజు ఒకదాని బిల్లు ఇంకోదాని ఫోల్డర్‌లో తేలింది.

ఎలిక్సిర్ అనే మరో భాషలో 1.11 వెర్షన్ నుంచి టెస్టుకు తగిలించే టెంప్‌డిర్ ట్యాగ్ ఉంది. టెస్టుకు ముందు ఫోల్డర్ ఖాళీ చేస్తుంది, తర్వాత అలాగే వదిలేస్తుంది. ఫెయిలైన బిల్లును కళ్లారా చూడొచ్చు. అది చూసి కుళ్లుకుని, పట్టుబడని బగ్ ఉన్నప్పుడు నేనూ ఫోల్డర్ చేసి చెరపకుండా వదిలేసే క్రియేట్‌టెంప్‌డైరెక్టరీ వాడి, ఫోల్డర్లను శనివారం చేత్తో చెరుపుకుంటున్నాను.