బల్ల మీది కంప్యూటరా, చేతిలో టాబ్లెట్టా: పిల్లలకు ఏది మేలు?

మా అమ్మాయి తొమ్మిదేళ్లప్పుడు లోగోలో త్రిభుజం గీయబోయింది. లోగో అంటే పిల్లల కోసం 1967లో సేమోర్ పాపర్ట్ బృందం తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాష. తెర మీది తాబేలుకు ఎంత ముందుకెళ్లాలో, ఎంత తిరగాలో చెబితే గీత గీస్తూ పోతుంది. త్రిభుజంలో కోణం 60 డిగ్రీలు కదా అని మూడుసార్లూ 60 ఇచ్చింది. గీతలు మూడూ పడ్డాయి గానీ కొసలు కలవలేదు, గిన్నెలా తెరుచుకునే ఉండిపోయింది. కాసేపు దానివంక చూసి, కుర్చీ దిగి, తనే తాబేలై నేలమీద నడిచింది. మూల దగ్గర ఆగి ఒళ్లు తిప్పి చూసుకుంది. తిరగాల్సింది లోపలి కోణం 60 కాదు, బయటి కోణం 120 అని అప్పుడు పట్టేసింది.

అదే పిల్ల అంతకు ముందు వారం టాబ్లెట్‌లో గంటన్నర వీడియోలు చూసింది. ఏం చూశావమ్మా అంటే ఒక్కటీ చెప్పలేకపోయింది.

నా లెక్కలో అసలు తేడా ఇదే. టాబ్లెట్‌లో ఒక వీడియో అయ్యేసరికి ఇంకోటి దానంతటదే మొదలవుతుంది, పిల్ల చేయాల్సిందేమీ ఉండదు. కీబోర్డు, మౌసు ఉన్న కంప్యూటర్ ముందు మాత్రం ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. కంప్యూటర్‌లోనూ వీడియోలు వస్తాయి, నిజమే. కానీ అది హాల్లో బల్ల మీదే ఉంటుంది, ఏం చేస్తున్నారో అందరికీ కనిపిస్తుంది. దుప్పట్లోకి దూరదు, నిద్ర చెడగొట్టదు. తెర కూడా కళ్లకు చేయిచాపు దూరంలో ఉంటుంది. టాబ్లెట్ అయితే ముక్కుకు ఆనేదాకా వస్తుంది. (హ్రస్వదృష్టి, అంటే దూరపువి మసకగా కనిపించడం, రాకుండా ఉండాలంటే రోజూ ఆరుబయట ఆడుకోవడం ముఖ్యం. ఏ పరికరం కొన్నా అది తప్పదు.)

టాబ్లెట్‌కు ఒక చోట మార్కులు వేయాల్సిందే. మౌసు పట్టు కుదరని చిన్న వేళ్లకు తాకితే కదిలే తెర తేలిక. 5 నుంచి 7 ఏళ్ల వాళ్లకోసం 2014లో వచ్చిన స్క్రాచ్ జూనియర్ అనే ప్రోగ్రామింగ్ యాప్ అలాంటి తెరకే సరిపోతుంది, అందులో పిల్లలు సొంతంగా కథలు కదిలిస్తారు.

మరీ పసివాళ్లకైతే రెండూ వద్దు. తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా భాష వినిపించి పరిశీలించింది పిల్లలు భాష నేర్చే తీరును పరిశోధించే శాస్త్రవేత్త ప్యాట్రీషియా కూల్ బృందం. ఎదురుగా మనిషి కూర్చుని ఆడించినప్పుడు ఆ భాష ధ్వనుల తేడా పిల్లలకు పట్టుబడింది. అవే మాటలు వీడియోలో వింటే పట్టుబడలేదు. ఆ ఫలితాలు 2003లో వచ్చాయి. ఏడాది లోపు తెర అసలు వద్దనీ, 2 నుంచి 4 ఏళ్ల మధ్య రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఊళ్లో లేని తాతయ్యతో వీడియో కాల్ మాట్లాడించడం వేరు, అటువైపు మనిషి పాప నవ్వుకు బదులిస్తాడు.

అక్షరాలు దిద్దే వయసులో కంప్యూటర్ కన్నా పెన్సిలే మేలు. ఇంకా చదవడం రాని పిల్లల మెదడు స్కాన్‌లు తీసి 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో, చేత్తో రాసి నేర్చుకున్న అక్షరం చూసినప్పుడు చదువుకు సంబంధించిన భాగాలు చురుకైనట్టు కనిపించింది. టైపు చేసి నేర్చుకున్న అక్షరానికి అలా కాలేదు.

ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లకు ఒక్కటే కొనగలిగితే నేను బల్ల మీది కంప్యూటరే కొంటాను. పాతదైనా పరవాలేదు, లోగో లాంటివి నడవడానికి అది చాలు.