రాజీ, బైండోవర్, కేసు: ఊళ్లో కొట్లాట జరిగాక ఏది మేలు?

"రెండు పక్కలా తలలు పగిలినాయి, రెండు పక్కలా కేసులు పడినాయి. పెద్దమనుషులు రాజీ కమ్మంటున్నారు. బైండోవర్ చేస్తే సరిపోతుందని స్టేషన్‌లో అంటున్నారు. మా చిన్నాయన మాత్రం కేసు వదిలేదే లేదంటున్నాడు. ఏం చేయాల?" కర్నూలు, అనంతపురం, కడప పల్లెల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, బెయిలు అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

సీమ కొట్లాటలకు పౌరుషమే కారణమనే మాట సగం కూడా నిజం కాదు. మొదటి దెబ్బ వెనుక దాదాపు ఎప్పుడూ కంటికి కనబడే కారణమే ఉంటుంది. బుడ్డల (వేరుశనగ) చేనికి పోయే బండిదారి, జరిగిన గట్టు, పక్కపక్కనే వేసిన రెండు బోర్లు, చెరువు చేపల వేలం, రేషన్ డీలర్‌షిప్. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో నీళ్లున్న బోరు కోసం మనుషులు తెగబడటం వింతేమీ కాదు. రెండో దెబ్బ కథ వేరు. మొదటి దెబ్బ కొట్టినవాడికి కోర్టులో ఏమీ కాలేదు, ఇక ముందు కూడా కాదు అన్న నమ్మకం నుంచి అది పుడుతుంది. అందుకే రాజీ, బైండోవర్ (గొడవ చేయబోమని పూచీ రాయించుకోవడం), కేసు అనే ఈ మూడు దారుల్లో ఏది మంచిదో తేల్చాలంటే, రెండో దెబ్బను ఏది ఆపుతుందో చూడాలి.

రాజీతో మొదలుపెడదాం. చట్టం ఒప్పుకునే రాజీ ఒకటి ఉంది. మామూలు గాయం, బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 115(2), అయితే దెబ్బ తిన్న మనిషి ఒప్పుకుంటే చాలు. ఎముక విరిగిన కేసు, 117(2), అయితే కోర్టు అనుమతి కూడా కావాలి. ఇలాంటివాటిని లోక్ అదాలత్‌లో, అంటే రాజీలు కుదిర్చే ప్రజాన్యాయస్థానంలో, పెట్టుకోవచ్చు. అక్కడ ఇచ్చిన అవార్డు మీద అప్పీలు ఉండదు, కాబట్టి సంతకం పెట్టే ముందే ప్రతి షరతూ చదువుకోవాలి. కొడవలితో ఎముక తెగేలా నరికిన 118(2), హత్యాయత్నం 109, హత్య 103 ఈ పరిధిలోకి రావు. లోక్ అదాలత్‌కు కూడా వాటి మీద అధికారం లేదు.

మరి హత్యాయత్నం కేసులు ఊళ్లో రాజీ ఎలా అవుతున్నాయి? రచ్చకట్ట మీద కుదిరే ఒప్పందం ఒక్కటే: "మీ సాక్షులు మా మీద చెప్పొద్దు, మావాళ్లు మీ మీద చెప్పరు." గుడి ముందు ప్రమాణం, కొంత డబ్బు, అంతే. వాయిదా రోజు సాక్షి బోనెక్కి "నేనేమీ చూడలేదు, పోలీసులు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు" అంటాడు. ప్రాసిక్యూటర్ అతన్ని హోస్టైల్‌గా, అంటే ఎదురు తిరిగిన సాక్షిగా, ప్రకటిస్తారు. పక్క కేసులోనూ ఇదే తంతు, రెండు కేసులూ కొట్టేస్తారు. ఇలా చెప్పిన సాక్షి అబద్ధపు సాక్ష్యం కింద బీఎన్ఎస్ 229కి దొరుకుతాడు, అందులో ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. పంచాయితీ చేసిన పెద్దమనిషి ఆ పూట అతని పక్కన ఉండడు. నరికించుకున్న మనిషి భార్యను ఆ పంచాయితీలో ఒక్క మాట కూడా అడగరు. పదేళ్లకు ఆమె కొడుకు పెద్దవాడవుతాడు. తండ్రిని నరికినవాడు రోజూ ఇంటి ముందు నుంచే పోతుంటాడు. శిక్ష పడని ఆ బాకీ తన మీద ఉందని ఊరు ఊరంతా ఆ పిల్లవాడికి గుర్తు చేస్తూనే ఉంటుంది.

చిన్న గాయాలకు లోక్ అదాలత్ రాజీ మంచిదే. రక్తం ధారగా కారిన కేసులో రాజీ అంటే రెండో దెబ్బకు ముహూర్తం పెట్టడమే.

బైండోవర్ పని ఇంతకంటే చిన్నది. బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 126 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, అంటే మన దగ్గర తహశీల్దార్, గొడవ చేయబోమని ఏడాదికి మించకుండా పూచీకత్తు రాయించుకుంటారు. పాత రోజుల్లో సీఆర్‌పీసీ సెక్షన్‌తో 107 అనేవాళ్లు, ఇప్పటికీ నోటికి అదే వస్తుంది. పదే పదే నేరాలు చేసేవాడికైతే 129 కింద మూడేళ్ల దాకా రాయించుకోవచ్చు. తేరు, ఉరుసు, ఎన్నికల ముందు రెండు వర్గాలనూ అదుపులో పెట్టడానికి ఇది పనికొస్తుంది. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. మొదటిది, దెబ్బలు తిన్నవాడినీ కొట్టినవాడినీ ఒకే గాటన కట్టి "ఇరువర్గాలు" అని రాసేస్తారు. నోటీసు వస్తే తహశీల్దార్ ముందు హాజరై, గాయాల ధ్రువపత్రం, ఎఫ్ఐఆర్ కాపీ పెట్టి, మీరు బాధితులని లిఖితపూర్వకంగా చెప్పాలి. రెండోది, విచారణ మొదలైన ఆరు నెలల్లో పూర్తి కాకపోతే, మేజిస్ట్రేట్ ప్రత్యేక కారణాలు రాసి పొడిగిస్తే తప్ప, అది దానంతటదే పడిపోతుంది. ఇక పూచీ రాసినవాడు మళ్లీ గొడవ చేస్తే 141 కింద మిగిలిన గడువంతా జైల్లో పెట్టవచ్చు, కానీ కొత్త నేరం నంబరుతో పోలీసులు నివేదిక పంపితేనే ఫైలు కదులుతుంది. పంపించమని అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాల్సింది మీరే.

మూడో దారి కేసును చివరిదాకా నడపడం. కష్టమైనది ఇదే, నా లెక్కలో మేలైనదీ ఇదే. శిక్ష పడుతుందన్న నమ్మకం ఒక్కటే కొడవలిని దింపించగలదు. అయితే శిక్ష పడటం సాక్షి మీద ఆధారపడి ఉంటుంది, సాక్షి నిలబడటం మొదటి మూడు నాలుగు రోజుల్లో మనం చేసే పనుల మీద ఆధారపడి ఉంటుంది.

ఫిర్యాదు దగ్గరే చాలా కేసులు చెడతాయి. కొట్టినవాళ్లు నలుగురైతే పదహారు పేర్లు రాస్తారు, ఊళ్లో లేని అన్నను కూడా చేరుస్తారు. ఆ అన్న ఆ రోజు తిరుపతిలో ఉన్నాడని బస్సు టికెట్టు చూపించగానే మీ సాక్షి మాట మొత్తం మీద అనుమానం పడుతుంది. గుంపుగా జరిగిన దాడిలో ఒకే మాట మీద నిలబడే ఇద్దరు ముగ్గురు సాక్షులైనా ఉండాలన్న కొలమానాన్ని సుప్రీంకోర్టు 1964లోనే మసాల్తీ కేసులో చెప్పింది. అందుకని "అందరూ కలిసి కొట్టినారు" అని రాయకూడదు. ఎవరు, దేనితో, ఒంట్లో ఎక్కడ కొట్టారో విడివిడిగా రాయాలి. చూడనిది రాయకూడదు.

ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పే మాట కూడా రికార్డవుతుంది, అది ఫిర్యాదుతో సరిపోవాలి. ఎముక విరిగిందో లేదో తేల్చే ఎక్స్‌రే తీయించకుండా ఇంటికి రావద్దు. ఎముక విరగకపోయినా 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా ఇప్పటి చట్టంలో అది తీవ్ర గాయమే. పాత చట్టంలో అది 20 రోజులు. కాబట్టి డిశ్చార్జి కాగితం, తర్వాతి ఓపీ చీటీలు అన్నీ దాచాలి.

తర్వాత సాక్షి. పదేళ్లు, ఆ పైన శిక్ష పడగల నేరాల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని బీఎన్ఎస్ఎస్ 183 కింద జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ తప్పనిసరిగా నమోదు చేయాలి. కాబట్టి దర్యాప్తు అధికారిని మొదటి వారంలోనే దీని గురించి అడగండి. ఆ వాంగ్మూలం ఒక్కదానితోనే శిక్ష పడదు, కానీ మేజిస్ట్రేట్ ముందు చెప్పినదాన్ని తర్వాత "తెల్లకాగితం" అని కొట్టిపారేయడం అంత సులువు కాదు. సాక్షిని ఎవరైనా బెదిరిస్తే అది బీఎన్ఎస్ 232 కింద వేరే నేరం. దాని మీద వేరుగా ఫిర్యాదు ఇవ్వాలి, బెయిలు రద్దుకూ అదే ఆధారమవుతుంది.

సీమలో అడిగేవాళ్లు తక్కువ గానీ, 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఒకటి ఉంది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి, దాని సభ్య కార్యదర్శి అయిన జిల్లా ప్రాసిక్యూషన్ అధిపతి ద్వారా దరఖాస్తు పెట్టాలి. సాక్షికి ఎంత ముప్పు ఉందో పోలీసులు ఐదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. కోర్టుకు పోలీసు తోడు, ముద్దాయికి ఎదురు పడకుండా సాక్ష్యం, వీడియో ద్వారా సాక్ష్యం వంటివి అడగవచ్చు. ఒక ఉత్తర్వు మూడు నెలలకు మించదు, వాయిదా దగ్గర పడేటప్పుడు పొడిగింపు కోరాలి.

రెండు పక్కలా కేసులుంటే ఒకే జడ్జి ఒకదాని వెంట ఒకటి వినాలని లాయరుతో అర్జీ వేయించండి. వేర్వేరు కోర్టుల్లో నడిస్తే అసలు ఎవరు ముందు చెయ్యి చేసుకున్నారో ఏ కోర్టుకూ తెలియదు.

కేసు నడుస్తుండగానే అసలు తగువును విడిగా తెంచాలి. దారి, కాలువ నీళ్ల వాడకం గొడవైతే బీఎన్ఎస్ఎస్ 166 ఉంది. ఏడాది పొడుగునా వాడే దారైతే తహశీల్దార్‌కు సమాచారం అందడానికి ముందు మూడు నెలల్లో, కొన్ని కాలాల్లోనే వాడేదైతే కిందటి ఆ కాలంలో మీరు వాడి ఉండాలి. పొలం పనుల దారికి ఈ గడువే ప్రాణం, కొట్లాట తర్వాత భయపడి ఏడాది ఊరకుంటే ఈ దారి మూసుకుపోతుంది. గట్టు తగువుకు సచివాలయంలో ఎఫ్-లైన్ (పొలం హద్దుల కొలత) దరఖాస్తు పెట్టి, ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) ప్రకారం కొలిపించి, ఎదుటివాళ్లకు నోటీసు అందిన రుజువుతో రాళ్లు పాతించాలి.

రౌడీషీటు, పోలీసు పికెట్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. పికెట్ ఎత్తేసిన మరుసటి రోజు ఊరు ఎప్పటిలాగే ఉంటుంది. ఫ్యాక్షన్ గొడవలకు పేరుపడ్డ కప్పట్రాళ్ల అనే ఊరిని అప్పటి కర్నూలు ఎస్పీ ఆకే రవికృష్ణ దత్తత తీసుకోవడం గొప్ప పనే, కానీ అలాంటి అధికారి ప్రతి ఊరికీ దొరకడు.

కేసు నడపాలనుకున్నవాళ్లు ఇంకో ప్రమాదం చూసుకోవాలి. ప్రభుత్వాలు మారినప్పుడు కేసుల ఉపసంహరణ మాట వస్తుంది. బీఎన్ఎస్ఎస్ 360 ప్రకారం బాధితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా కోర్టు ఉపసంహరణకు అనుమతించకూడదు. మీ కేసు నంబరు, అభ్యంతరం రాసిన కాగితాన్ని ముందుగానే కోర్టులో దాఖలు చేసి ఉంచండి. లాయరు ఖర్చుకు ఇబ్బందైతే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. నష్టపరిహారం దరఖాస్తు కూడా అక్కడే ఇవ్వవచ్చు, రెండు నెలల్లో విచారణ ముగించాలి.