ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద టీనేజ్ నవలల వేట

ముందే చెప్పేస్తున్నా, ఇది షాపు కాదు. బోర్డు లేదు, బిల్లు లేదు, ఏసీ అసలే లేదు. ఆదివారం ఆబిడ్స్‌లో బట్టల షాపులూ చెప్పుల షాపులూ షట్టర్లు దించేసి ఉంటాయి కదా, ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు, ఈ రివ్యూ దాని గురించే. హైదరాబాద్ వాళ్ళకి ఇందులో కొత్తేముంది అనిపించొచ్చు, మా నాన్న కూడా ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఇక్కడే పుస్తకాలు కొన్నాడట. కానీ ఎవరిని అడిగినా పోటీ పరీక్షల గైడ్ల గురించో పాత తెలుగు నవలల గురించో చెప్తారు తప్ప, నాలాంటి పదహారేళ్ళ వాళ్ళు చదివే యంగ్ అడల్ట్ నవలలు ఆ కుప్పల్లో ఎలా పట్టుకోవాలో ఎవరూ చెప్పరు. ఏడాదిగా వెళ్తున్నా, టెస్ట్ లేని ఆదివారం దొరికితే చాలు అక్కడే ఉంటా, ఇప్పటికి 23 పుస్తకాలు ఇంటికి చేరాయి. కాబట్టి నాకు చెప్పే అర్హత వచ్చేసిందనే అనుకుంటున్నా.

మాది దిల్‌సుఖ్‌నగర్. మెట్రో రెడ్ లైన్ ఎక్కి నాంపల్లిలో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు. జనరల్ పోస్టాఫీసు, నెహ్రూ విగ్రహం దగ్గరికి వచ్చారంటే ఇక దారి అడగక్కర్లేదు, కాళ్ళ దగ్గరే పుస్తకాలు మొదలవుతాయి. (అసలు ఆబిడ్స్ పేరే ఒక షాపు వల్ల వచ్చింది. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆయన ఇక్కడ షాపు పెట్టుకున్నాడు. మా తాతయ్య ఇప్పటికీ 'ఆబిడ్ షాప్ పోతున్నావా' అనే అడుగుతాడు.)

వెళ్ళగానే 'యంగ్ అడల్ట్ ఎక్కడ భయ్యా' అని అడక్కండి. నేను మొదటిసారి అడిగితే ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి ఎంసెట్ కెమిస్ట్రీ చేతిలో పెట్టాడు. వాళ్ళ లెక్కలో ఉన్నవి మూడే రకాలు, చదువు పుస్తకాలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, 'నావెల్స్'. మన పుస్తకాలు ఈ చివరి రెండు కుప్పల్లో ఎక్కడైనా ఉండొచ్చు. అట్ట మీద అమ్మాయి బొమ్మ ఉంటే లవ్ స్టోరీల్లో పడేస్తారు, అట్ట నల్లగా ఉంటే క్రైమ్‌లో, డ్రాగన్ ఉంటే చిన్నపిల్లల్లో. అందుకే అన్ని కుప్పలూ చూడాల్సిందే, మెడ పక్కకి వంచి పేర్లు చదువుతూ. పన్నెండింటికల్లా మెడ పట్టేస్తుంది, అది గ్యారంటీ.

ఇంతవరకూ దొరికినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 60 రూపాయలకి వచ్చింది. ఎస్.ఇ. హింటన్ రాసిన ది ఔట్‌సైడర్స్. కుప్ప అడుగున, ఒక వంటల పుస్తకం కింద ఉంది. అమెరికాలో ఏదో స్కూలు లైబ్రరీ తీసేసిన కాపీ, వెనక అట్ట లోపల చిన్న కాగితం సంచీ అతికించి ఉంది, దాని పక్క పేజీలో తారీఖుల ముద్రలు వరసగా, కొన్ని ఊదా రంగు, కొన్ని నలుపు. ఒకచోట ఒకే వారంలో రెండు ముద్రలు పడ్డాయి, అంటే ఎవరో కొద్ది రోజుల్లోనే చదివి తిరిగిచ్చేశారు. నాకు కథ కంటే ముందు ఆ పిల్ల ఎవరో అనే ఆలోచనే పట్టుకుంది.

కథ పోనీబాయ్ అనే పద్నాలుగేళ్ళ అబ్బాయిది. అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోయారు, ముగ్గురు అన్నదమ్ములే ఇల్లు నడుపుకుంటున్నారు, ఊళ్ళో డబ్బున్న కుర్రాళ్ళకీ వీళ్ళకీ ఎప్పుడూ గొడవ. ఒక రాత్రి ఆ గొడవ చెయ్యిదాటిపోతుంది, వీడూ వీడి ఫ్రెండ్ జానీ పారిపోయి ఒక పాడుబడ్డ చర్చిలో దాక్కుంటారు. అంతకంటే చెప్పను. పెద్దన్న డారీ ఉన్నాడే, తమ్ముడిని అస్తమానం తిడుతుంటాడు, సగం పుస్తకం దాకా వాడంటే నాకు ఒళ్ళు మంట, తర్వాత ఆస్పత్రి సీన్‌లో ఆ మంటంతా ఏమైపోయిందో తెలీదు, అర్ధరాత్రి దుప్పట్లో ముక్కు చీదుకుంటూ కూర్చున్నా. పొద్దున ఫిజిక్స్ టెస్ట్. మార్కులు అడక్కండి.

చదవడం అయిపోయాక తెలిసిన సంగతి ఇంకా గొప్పది. హింటన్ ఈ నవల మొదలుపెట్టినప్పుడు ఆమె వయసు 15. ఓక్లహామాలోని టల్సాలో హైస్కూల్లో చదువుతోంది, పుస్తకం రాస్తున్న ఆ రోజుల్లోనే స్కూల్లో క్రియేటివ్ రైటింగ్‌లో డి గ్రేడ్ వచ్చిందట! 1967లో అచ్చయ్యేసరికి 18. మగపిల్లల గొడవల గురించి ఆడపిల్ల రాసిందంటే రివ్యూలు రాసే మగవాళ్ళు తీసిపారేస్తారని పబ్లిషర్లు పేరు పొడి అక్షరాల్లో వేయించారు. ఇంకోటి, 1980లో కాలిఫోర్నియాలో ఒక స్కూలు లైబ్రేరియనూ పిల్లలూ కలిసి దర్శకుడు కొప్పోలాకి 'మీరు దీన్ని సినిమా తీయండి' అని ఉత్తరం రాశారు, సంతకాలు పెట్టి పంపారు, ఆయన నిజంగానే తీశాడు, 1983లో వచ్చింది. పిల్లల మాటకి అంత విలువా అని నేను తాతయ్యకి రెండుసార్లు చెప్పా.

ఇక ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్. హోలీ జాక్సన్ రాసింది, 2019లో వచ్చింది. ఇది కొనేముందు కాస్త జాగ్రత్త, ఎందుకంటే ఇందులో కథ మామూలుగా సాగదు, మధ్యలో ఇంటర్వ్యూలు, హీరోయిన్ రాసుకున్న నోట్సు, మ్యాపు, ఫోన్ మెసేజ్‌లు అన్నీ వస్తాయి. దొంగ ప్రింటులో అవి మసి పూసినట్టు ఉంటాయి. నేను మొదట ఒక ఆన్‌లైన్ సైట్‌లో తక్కువకి వస్తోందని ఆర్డర్ పెట్టా, వచ్చింది చూస్తే కాగితం అవతలి అక్షరాలు ఇవతలికి కనిపిస్తున్నాయి, పైగా 16 పేజీలు రెండుసార్లు వచ్చాయి, తర్వాతి 16 పేజీలు లేనే లేవు. తాతయ్య ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసినాయన, చేతిలోకి తీసుకుని ఒక్క చూపు చూసి 'ఒక ఫారం రెండుసార్లు వేసి ఇంకో ఫారం ఎగ్గొట్టార్రా' అన్నాడు (ఫారం అంటే ఒకేసారి అచ్చేసి మడిచే ఆ 16 పేజీల కట్ట). మర్డర్ మిస్టరీలో 16 పేజీలు లేకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. డబ్బులు వెనక్కి రాలేదు.

అప్పటినుంచి ఆబిడ్స్‌లో తాతయ్య నేర్పిన పద్ధతే. పుస్తకం మధ్యలోకి తెరిచి వెన్ను మీద వేలు నొక్కి చూడటం, పేజీ అంచులు అక్షరాలకి సమానంగా తెగాయో లేదో చూడటం, ఒక పేజీ వెలుతురుకి ఎత్తి పట్టుకోవడం, పేజీల నంబర్లు గబగబా తిప్పడం. పైరసీ కాపీలు ఇక్కడా ఉంటాయి, కొత్తగా మెరుస్తూ ప్లాస్టిక్ కవర్లో ఉండేవి చాలావరకు అవే. కవర్ విప్పనివ్వకపోతే నేనైతే కొనను. పాతబడి, మూల మడిచి, ఎవరో పేరు రాసుకున్న కాపీ ఉంది చూశారా, అది నిజమైనది అయ్యే అవకాశం ఎక్కువ.

నాకు అసలు కాపీ 120కి దొరికింది. చెప్పింది 200. పిప్ అనే 17 ఏళ్ళ అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కింద ఐదేళ్ళ నాటి హత్య కేసు తీసుకుంటుంది. ఆండీ అనే అమ్మాయిని ఆమె బాయ్‌ఫ్రెండ్ సాల్ సింగే చంపి తను కూడా చచ్చిపోయాడని ఊరంతా తేల్చేసింది, పిప్ మాత్రం నమ్మదు. సాల్ వాళ్ళది ఇండియా నుంచి వెళ్ళిన కుటుంబం. వాళ్ళ ఇంటి మీద ఊరి చూపు ఎలా ఉంటుందో, సాల్ తమ్ముడు రవి రోడ్డు మీద ఎలా నడవాల్సి వస్తుందో చదువుతుంటే హంతకుడెవరు అన్నదానికంటే అదే నన్ను ఎక్కువ పట్టేసింది. చివర్లో మలుపులు కాస్త ఎక్కువయ్యాయని నా అభిప్రాయం, ఒకటి తగ్గించి ఉండొచ్చు. ఒక తమాషా చెప్పాలి. నా పుస్తకంలో ఊరు ఇంగ్లండ్‌లోని లిటిల్ కిల్టన్, మా ఫ్రెండ్ ఫోన్‌లో చదువుతున్నదాంట్లో అమెరికాలోని ఫెయిర్‌వ్యూ. నువ్వు చదివేది దొంగ పుస్తకమంటే నువ్వు చదివేదే దొంగదని రెండు రోజులు కొట్టుకున్నాం. తీరా చూస్తే అమెరికా ఎడిషన్ కోసం ఊరే మార్చేశారు, ఇద్దరిదీ కరెక్టే.

ది హంగర్ గేమ్స్ గురించి ఈపాటికి అందరూ రాసేశారు, సినిమాలు కూడా చూసే ఉంటారు, కాబట్టి పుస్తకం సంగతి క్లుప్తంగా. సుజాన్ కాలిన్స్, 2008. పన్నెండు జిల్లాల నుంచి 12 నుంచి 18 ఏళ్ళ పిల్లల్ని, జిల్లాకి ఒక అబ్బాయి ఒక అమ్మాయి చొప్పున, లాటరీ తీసి పట్టుకెళ్ళి ఒక్కరే మిగిలేదాకా కొట్టుకోమంటారు, టీవీలో చూపిస్తారు. సినిమాలో సరిగ్గా పట్టుబడని ఒక సంగతి పుస్తకంలో గట్టిగా తగులుతుంది. ఇంట్లో తిండి లేని పిల్లలు కాస్త ధాన్యం, నూనె కోసం లాటరీలో పేరు అదనంగా వేయించుకోవాలి. హీరోయిన్ కాట్నిస్ పేరు అలా 20 చీటీల్లో ఉంది. చెల్లెలు ప్రిమ్‌ది ఒక్కటే చీటీ, ఆ ఒక్కటే పైకి వస్తుంది.

కరెంట్ పోయిన ఒక రాత్రి ఇదంతా అమ్మమ్మకి తెలుగులో చెప్పా. చీటీల దగ్గర 'రేషన్ కోసమా?' అని ఒకసారి అడిగింది, చెల్లెలి బదులు అక్క ముందుకొచ్చిందనగానే లేచి కూర్చుంది. 'ఇదేం కొత్త కథే, మన బకాసురుడి కథే కదా' అంది. నేను నవ్వా. తర్వాత చూస్తే కాలిన్స్‌కి ఈ ఆలోచన వచ్చింది గ్రీకు పురాణం నుంచేనట, ఏథెన్స్ వాళ్ళు ఏడుగురు అబ్బాయిల్నీ ఏడుగురు అమ్మాయిల్నీ మినోటార్ అనే ఎద్దు తల రాక్షసుడికి ఆహారంగా పంపే కథ. అమ్మమ్మ ఏమీ తప్పు చెప్పలేదు! ఆ రాత్రి ఆమె ఏకచక్రపురం కథ మళ్ళీ చెప్పింది, భీముడి దగ్గరికి రాకముందే ఆ బ్రాహ్మడి ఇంట్లో జరిగే వాదన దగ్గర ఆగిపోయింది. నేను పోతానంటే నేను పోతానని తండ్రి, తల్లి, కూతురు ఏడుస్తుంటారు, అప్పుడు చిన్న పిల్లాడు ఒక గడ్డిపోచ పట్టుకొచ్చి దీంతో ఆ రాక్షసుణ్ణి చంపేస్తా అంటాడు. వాళ్ళ అక్క సంగతి మీరెప్పుడైనా ఆలోచించారా? ఎలాగూ పెళ్ళి చేసి పంపించేసేదాన్నే కదా, నన్నే పంపండి అంటుంది. ఆ అమ్మాయి చెప్తున్నట్టుగా ఒక నవల తెలుగులో ఎవరైనా రాస్తే నేను కొత్త పుస్తకం రేటు పెట్టి కొంటాను, బేరం ఆడకుండా.

నా అసలు బాధ ఇదే. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళ బొమ్మల పుస్తకాలతో చదవడం నేర్చుకున్నా, రైలుబడి (జపాన్ పుస్తకం టోటో-చాన్‌కి తెలుగు) నాలుగుసార్లు చదివా. పన్నెండేళ్ళు దాటాక తెలుగు కుప్ప దగ్గరికి వెళ్తే అన్నీ అమ్మావాళ్ళ నవలలే, పెళ్ళిళ్ళు, ఆఫీసులు, అత్తగార్లు. ఇంటర్ చదివే అమ్మాయి తన గొంతుతో మాట్లాడే నవల ఒక్కటి నాకు ఆ ఫుట్‌పాత్ మీద ఇంతవరకూ దొరకలేదు. మా టెస్టులు, ర్యాంకులు, హాస్టళ్ళ టెన్షన్, వీటిలో కథ లేదా?

మిగతావి త్వరగా చెప్పేస్తా. పదింటికల్లా వెళ్ళండి, అప్పటికి ఇంకా మూటలు విప్పుతుంటారు, మంచివి అప్పుడే పోతాయి. జూన్‌లో వెళ్ళొద్దు, మొత్తం టెక్స్ట్‌బుక్కులే. వాన పడితే టార్పాలిన్ కప్పేసి కూర్చుంటారు, మీరూ షట్టర్ కింద నిలబడాలి. చిల్లర తీసుకెళ్ళండి. అడిగిన రేటుకి సగంలో మొదలుపెట్టి మధ్యలో కలుసుకోవచ్చు, కానీ 50 రూపాయల కుప్ప దగ్గర బేరమాడితే వాళ్ళకి నిజంగానే కోపమొస్తుంది. కావాల్సిన పుస్తకం కనిపిస్తే మొహంలో ఆనందం కనబడనివ్వొద్దు, నాకు ఇది ఇంకా రాలేదు, నా మొహం చూసే రేటు చెప్తారు. దుమ్ముకి తుమ్ములు. కూర్చోడానికి చోటు లేదు. అయినా అయిదుకి నాలుగున్నర ఇస్తా. ఆ అర ఎందుకు తగ్గించానంటే, సిరీస్‌లు ఇక్కడ ఎప్పుడూ వరసగా దొరకవు. హంగర్ గేమ్స్ నా దగ్గర మొదటి భాగం ఉంది, మూడోది ఉంది, రెండోది లేదు.

పోయిన ఆదివారం కనిపించింది. క్యాచింగ్ ఫైర్, అసలు కాపీ, నొక్కి చూశా, వెలుతురుకి పట్టి చూశా, అన్నీ బాగున్నాయి. 250 అన్నాడు, 200కి దిగాడు, అక్కడితో ఆగిపోయాడు. నా దగ్గర 140, మెట్రో కార్డు. ఎవరూ చూడకుండా దాన్ని లావుపాటి బ్యాంకు పరీక్షల గైడు కింద పెట్టి వచ్చేశా. మీలో ఎవరైనా ఈ ఆదివారం వెళ్ళి ఆ గైడు ఎత్తితే దయచేసి మళ్ళీ అలాగే పెట్టేయండి.