1915కు ఫోన్ చేయాలా, కన్స్యూమర్ ఫోరంకు వెళ్లాలా?

మా చెల్లెలు ఆన్‌లైన్‌లో మిక్సీ తెప్పించుకుంటే జార్ పగిలి వచ్చింది. వస్తువు వెనక్కి తీసుకెళ్లారు గానీ డబ్బు వేయలేదు. ఇరవై రోజులు చూసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఆర్డర్ నంబర్ చెప్పింది. తొమ్మిదో రోజున 3,200 రూపాయలు ఖాతాలో పడ్డాయి. ఆ ఏడాదే నా వాషింగ్ మెషిన్ విషయంలో మాత్రం 1915 వల్ల పని కాలేదు. ఎందుకు కాలేదో నాకు ఆలస్యంగా అర్థమైంది.

1915 కోర్టు కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నడిపే సేవ. తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. వాట్సాప్‌లోనూ ఉమంగ్ యాప్‌లోనూ కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. వాళ్లు డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్ ఇచ్చి, మన మాట కంపెనీకి చేరవేసి, జవాబు అడుగుతారు. షోరూంలో మన మొహం కూడా చూడనివాళ్లు ఈ ఫిర్యాదు వెళ్లేసరికి చాలాసార్లు కదులుతారు. కానీ ‘డబ్బు కట్టు’ అని ఆదేశించే అధికారం హెల్ప్‌లైన్‌కు లేదు. ‘మా తప్పేం లేదు’ అని కంపెనీ రాసి పంపితే అక్కడితో సరి.

నాకు జరిగింది అదే. మెషిన్ కింద నుంచి నీళ్లు కారేవి. టెక్నీషియన్ వచ్చి ఖాళీ డ్రమ్ము తిప్పి చూసేవాడు, చుక్క పడేది కాదు. అతను వెళ్లాక బట్టలు వేస్తే పావుగంటలో వంటింటి గడప దాకా తడి. మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ జాబ్ షీట్ మీద ‘మెషిన్ ఓకే’ అని రాసి సంతకం పెట్టించుకున్నాడు. నేను చదవకుండానే పెట్టేశాను. హెల్ప్‌లైన్‌కు కంపెనీ చూపించింది ఆ మూడు సంతకాలే. ఫిర్యాదు మూసేశారు.

కాబట్టి నేను చెప్పేది ఇది: ఇవ్వాల్సింది ఉందని ఒప్పుకుంటూనే తిప్పించుకునేవాళ్ల మీద 1915 మేలు. తప్పే లేదని అడ్డం తిరిగేవాళ్ల మీద జిల్లా వినియోగదారుల కమిషనే దిక్కు. జనం ఇప్పటికీ దాన్ని ఫోరం అనే పిలుస్తారు. అక్కడ సాక్ష్యం చూస్తారు, తీర్పు ఇస్తారు. తీర్పు పాటించకపోతే జరిమానా, మూడేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు.

ఫోరం అంటే భయపడేవాళ్లకు రెండు మాటలు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా సరే. కొన్న ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. లాయరు తప్పనిసరి కాదు, మన కేసు మనమే చెప్పుకోవచ్చు. వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు.

అయితే ఓపిక కావాలి. మూడు నెలల్లో, వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది గానీ, వాయిదాలు పడుతూనే ఉంటాయి. రోజు కూలీ మీద బతికేవాళ్లకు ఒక్కో వాయిదా ఒక్కో రోజు తిండి. రెండు మూడు వేల వస్తువుకు ఫోరం మెట్లెక్కమని నేనైతే చెప్పను.

ముందు 1915తో మొదలుపెట్టడంలో నష్టం లేదు, ఒక్క విషయం గుర్తుంటే చాలు. ఫోరంలో కేసు వేయడానికి గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లే గడువు. డాకెట్ నంబర్ చేతిలో ఉంది కదా అని ఆ గడువు ఆగదు. బ్యాంకుతో తగువైతే దారి వేరే: ముందు బ్యాంకుకే రాయాలి, 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లొచ్చు.

నేను కేసు వేసేటప్పుడు బిల్లు, వారంటీ కార్డు, మూడు జాబ్ షీట్లతో పాటు ఫోన్‌లో తీసిన వీడియో పెట్టాను. డ్రమ్ములో బట్టలు, గోడ మీద గడియారం, కింద పారుతున్న నీళ్లు, అన్నీ ఒకే ఫ్రేములో. మూడో వాయిదాకు కంపెనీ తరఫు లాయరు నన్ను వరండాలోకి పిలిచి, కొత్త మెషిన్ ఇప్పిస్తామన్నారు. మెషిన్ వద్దు, డబ్బే కావాలన్నాను. అప్పటికి కేసు వేసి ఏడు నెలలు. ఆ తర్వాతి వాయిదాకు చెక్కు తెచ్చారు.